ముసుగేసుకున్న మైకు

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే ఆ చర్చిలో చివరి బెంచీకి గిరాకీ పెరుగుతుంది. బేతంచెర్ల నుంచి బండలు నింపుకొని పోయే లారీలు ఆ ఊరి మీదుగా పోతాయి, అంతవరకు చెప్తాను. చర్చి కట్టి నూరేళ్లు దాటింది. గోడల మీద సున్నం ఎన్ని పొరలుందో ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు కూడా తెలీదు.

నాది కడపలో రికార్డింగ్ పని. పెళ్లి వీడియోలకు సౌండు, హరికథలు, భజన పాటలు, ఏదొస్తే అది. మా జిల్లాల్లో మైకు ముందుకొచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "ఎకో పెట్టప్పా." పెళ్లికొడుకు మేనమామకు ఎకో కావాలి. తప్పిపోయిన ఎద్దు గురించి ఆటోలో చెప్పుకుంటూ తిరిగే ఆయనకూ ఎకో కావాలి. "ఎద్దు... ద్దు... ద్దు..." అని మూడుసార్లు మోగితే గానీ ఎద్దు దొరకదని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్లు జనం గొంతులకు లేని గుహలు తగిలించి బతికాను. శబ్దం గురించి నాకు తెలియనిది లేదని ఒక పొగరు కూడా పెరిగింది. ఆ పొగరు ఎట్లా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక గురువారం పొద్దున ఒక పెద్దాయన నా స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. తెల్లచొక్కా, భుజం మీద టవలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. వేరుశనగ పండించుకునే రైతు. నలభై ఏళ్లకు పైగా వాళ్ల ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడట. కీబోర్డు అనుకున్నాను. కాదు, అసలుసిసలు పైపు ఆర్గన్. ఏ కాలంలోనో దొరలు ఓడలో తెప్పించి, రైలెక్కించి, ఎద్దులబండి మీద ఆ ఊరు చేర్చారట. ఊళ్లో దాన్ని గొట్టాల పెట్టె అంటారు. బీరువా కంటే పెద్ద చెక్కపెట్టె, దాని నిండా చిన్నవీ పెద్దవీ గొట్టాలు, వెనక కమ్మరి తిత్తి లాంటి తోలు తిత్తి. వెనక ఒకరు నిలబడి కర్ర ఆడిస్తూ తిత్తికి గాలి నింపుతుంటే, ముందు ఒకరు కూర్చుని హార్మోనియం లాగా మెట్లు నొక్కాలి. అప్పుడు గొట్టాలు పలుకుతాయి.

"సోమవారం వడ్రంగోల్లు వచ్చి పెట్టె ఇప్పేస్తాండారప్పా" అన్నాడు పెద్దాయన. "చెదలు పట్టె. కమిటీవోళ్లు కీబోర్డు తెచ్చినారు. అంతలోపల ఒక్కతూరి రికార్డు చేసియ్యల్ల."

"దాందేముంది పెద్దాయనా, చేద్దాం. ఎకో కావాలంటే..."

"ఎకో గికో ఏమొద్దు. మా ఇంటామె కూచునే కాడ ఎట్లా వినపడతాదో, అట్లా కావాల. అంతే."

ఆయన భార్య పోయి రెండేళ్లయింది. పెళ్లయిన నాటి నుంచి పోయేదాకా ప్రతి ఆదివారం ఆడవాళ్ల పక్క చివరి బెంచీలో, గోడవార కొసనే కూర్చునేదట. ఇంటికి పోతూ దారిలో "ఈపొద్దు బాగుండాది" అనో, "ఈపొద్దు తిత్తి సరిగా కొట్టలేదు" అనో చెప్పేదట. అక్కడ కూర్చుంటే ఎట్లా ఉంటుందో ఈయనకు తెలీదు.

"ఒక రోజు పోయి అక్కడ కూర్చోలేకపోయావా?" అన్నాను.

"నేనాడ కూచుంటే ఈడ వాయించేదెవురప్పా? వాయించకుంటే ఆడ కూచోని ఏం వినల్ల?"

శనివారం వస్తానన్నాను.

శనివారం తెల్లవారి నేను వ్యాన్‌లో బయలుదేరితే, ఆయన మైదుకూరు దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. అంత పొద్దున అంత దూరం ఎందుకొచ్చాడంటే, నేను రానేమోనని. దారి పొడుగునా భార్య గురించే చెప్పాడు. మాట్లాడనప్పుడు కూడా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"ఆమెకు దేవుడు చెప్తాండె" అన్నాడు.

"ఏం చెప్తాండె?"

"నా మనసులో మాట. ఆదివారము చర్చిలో కూచోని, ఈపొద్దు ఉగ్గాని తింటే బాగుండు అనుకుంటా. ఎవురికీ చెప్పను. ఇంటికి పోతానే బొరుగులు నానబెడతాంటాది. చింతచిగురు పప్పు అనుకుంటా, చింతచిగురు దూస్తాంటాది. ఒగతూరి కాదు, రెండుతూర్లు కాదు. నలభై యేండ్లు!"

పెళ్లయి నలభై ఏళ్లయితే ఏ ఆడమనిషికైనా మొగుడి నాలుక సంగతి తెలుస్తుందని నేనన్నాను. ఆయనకు కోపమొచ్చింది. కొంతసేపు కిటికీలోంచి బయటికి చూసి, గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పాడు. ఒక కరువేడు రెండు బోర్లూ ఎండిపోయాయట. చేను మాడిపోయింది. ఆ ఆదివారం ఆయన మనసులోకి ఒక పాడు తలపు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పోయి చూస్తే పురుగులమందు డబ్బా లేదు. ఆరోజు ఆయన కోసం ఆగకుండా ముందే ఇంటికి పోయిన భార్య, అప్పటికే దాన్ని పెరట్లో గుంత తవ్వి పూడ్చేసి, చేతులు కడుక్కుంటోందట. అన్నం పెట్టింది. నెల రోజులు ఆయన చేనికి పోతే వెంట చేనికి, బజారుకు పోతే వెంట బజారుకు వచ్చిందట. ఏమీ అడగలేదు.

"దేవుడు చెప్పకుంటే ఆమెకెట్లా తెల్సునప్పా?" అన్నాడు.

ఆ సంగతి ఆయన ప్రతి ఏడూ కోతల పండగనాడు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేవాడు. సాక్ష్యమంటే దేవుడు తమకు చేసిన మేలును పదిమందిలో చెప్పుకోవడం. ఆయన చెబుతుంటే చివరి బెంచీలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకునేదట. "ఏడుస్తాండెనేమో పాపం" అన్నాడు. నాకు దేవుడితో అంత పరిచయం లేదు గానీ, ఆ డబ్బా సంగతికి జవాబు చెప్పేంత తెలివీ లేదు.

చర్చి దగ్గర మాకోసం కమిటీ సెక్రటరీ ఎదురుచూస్తున్నాడు. రిటైరైన టీచరు, అన్నింటికీ 'ఏర్పాట్లు చేసినాము' అనే మనిషి. నేను ముందురోజే ఆయనకు ఫోన్ చేసి, గాలి కొట్టే మనిషిని సిద్ధంగా పెట్టమన్నాను. ఆర్గన్‌కు తిత్తి కొట్టే ముసలాయన మోకాళ్లు అరిగి కొడుకు దగ్గరికి ఆదోని వెళ్లిపోయాడని పెద్దాయన చెప్పాడు మరి.

"ఏర్పాట్లు చేసినాము" అన్నాడు సెక్రటరీ.

అప్పుడే ఒక లగేజీ ఆటో వచ్చి చర్చి గుమ్మం ముందు ఆగింది. దాంట్లోంచి ఒక భాయ్ దిగాడు. హైవే మీద పంచర్ షాపు ఆయనది. ఆయన వెనక, ఇద్దరు మోసి దించాల్సినంత బరువున్న కంప్రెసర్ దిగింది.

"సలాం సార్. ఎన్ని టైర్లు?" అన్నాడు.

మా వైపు గాలి కొట్టే మనిషంటే పంచర్ షాపాయనే. సెక్రటరీ తప్పేమీ లేదు. నేను పళ్లు కొరుక్కుంటుంటే, భాయ్ లోపలికి వచ్చి గొట్టాల పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. వంగి తిత్తిని వేలితో నొక్కాడు.

"దీనికి వాల్వు యాడుండాది? ఎంత కొట్టల్ల, ముప్పయ్యా నలభయ్యా?"

"కంప్రెసర్‌తో కొడితే గొట్టాలు పైకప్పు పగలగొట్టుకుని అహోబిలం దాకా పోతాయప్పా" అన్నాను.

పెద్దాయన మాత్రం నవ్వకుండా భాయ్‌ని వెనక్కి తీసుకుపోయి కర్ర చేతికిచ్చి, ఎట్లా ఆడించాలో చూపించాడు. తిత్తి నిండుతుంటే ఒక సీసపు గుండు దారానికి వేలాడుతూ కిందికి దిగుతుంది, అది గీత దాటి పైకి పోకుండా చూసుకోవాలి. భాయ్ రెండు నిమిషాల్లో పట్టేశాడు. "మీటరు ఉండాది గదా, ఇంగేం" అన్నాడు. కంప్రెసర్‌ను గుమ్మం ముందు ఎండలో వదిలేసి, సాయంత్రం దాకా ఆ మనిషి షాపు మాటే ఎత్తలేదు.

ఇక నా పని. పెద్దాయన చివరి బెంచీ దగ్గర మైకు పెట్టమన్నాడు. నేను వినలేదు. రికార్డింగ్ తెలిసినవాడెవడూ మొదటి మైకును అరవై అడుగుల దూరంలో పెట్టడు. వాయిద్యం నోటి దగ్గర పెడితేనే అది శుభ్రంగా పడుతుందని నా చదువు. రెండు మైకులు తీసుకెళ్లి గొట్టాల మూతుల దగ్గర పెట్టాను. ఆయన ఒక కీర్తన వాయించాడు. హెడ్‌ఫోన్స్ ఆయనకిచ్చాను.

విని, తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నా ఆర్గన్ కాదప్పా. బోర్ లారీ."

నేనూ విన్నాను. నిజమే. మెట్ల టకటకలు, చెక్క కిర్రుకిర్రు, తిత్తి ఆయాసం, చెదల పొడి రాలడం, అన్నీ పాట కంటే ముందే వస్తున్నాయి. మధ్యలో ఏదో గొణుగుడు కూడా ఉంది గానీ ఆ ఆయాసంలో అది తేలలేదు. వాటి వెనక, ఊరి చుట్టూ బండల పాలిష్ ఫ్యాక్టరీలు పెట్టే రొద ఒకటే పోత.

రెండోసారి చర్చి నడిమధ్య నిచ్చెన వేసి, మైకులను దూలానికి కట్టి, పన్నెండు అడుగుల ఎత్తున వేలాడదీశాను. ఈసారి గొట్టాలన్నీ కలిసిపోయి, గోడల మోత తోడై, చెవికి ఎంత హాయిగా ఉందంటే, కడపలో ఎకో కోసం నా ప్రాణాలు తోడేసేవాళ్లందరినీ తెచ్చి ఇక్కడ నిలబెట్టాలనిపించింది. పెద్దాయన కళ్లు మూసుకుని పూర్తిగా విన్నాడు.

"బాగుండాది" అన్నాడు. "ఇది దేవునికి వినపడేది. ఆయన పైన్నుంచి వింటాడు. నాకు మా ఇంటామెది కావాల."

అప్పటికి ఎండ మండుతోంది, నాకు కాఫీ కూడా పడలేదు. విసుగ్గా స్టాండు ఈడ్చుకుంటూ పోయి చివరి బెంచీ కొసన పెట్టాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు సంత.

రికార్డింగ్ సంగతి తెలిసి ఊళ్లో ఆడవాళ్లు పది పన్నెండు మంది వచ్చారు. వాళ్లలో ఒకావిడ నా స్టాండును చూసి, "అంత పొడుగు లేదు నాయనా ఆమె" అంది. ఇంకొకామె "కూచుంటే నా భుజం కాడికి వస్తాండె" అంటూ బెంచీ మీద కూర్చుని చూపించింది. మూడో ఆమె ఆ భుజమే మరీ ఎత్తుగా ఉందనీ, ముందు ఆమెను వంగమనీ అంది. స్టాండును నాలుగుసార్లు దించాను, మూడుసార్లు ఎత్తాను. చివరికి ఆమె చెవి ఎత్తు తేలింది.

అప్పుడు పెద్దాయన ప్లాస్టిక్ కవరులోంచి ఒక చీర తీశాడు. తెల్ల నూలుచీర, నీలం అంచు. దాని కొంగు తెచ్చి మైకు మీద కప్పాడు.

"అదేంటి?" అన్నాను.

"చర్చిలో ఆడోల్లు ముసుగేసుకుంటారు గదప్పా. ఆమె ముసుగులోంచే గదా వినింది!"

గుడ్డ కప్పితే సన్న స్వరాలు తగ్గిపోతాయి, శబ్దం మందంగా వస్తుందని చెప్పబోయాను. "ఆమెకు ఎంత మందంగా వచ్చిందో అంతే రానీ" అన్నాడు. ఈ మాటతో ఆడవాళ్లలో మళ్లీ తగువు. ఆమె కొంగును చెవి మీదికి కప్పుకునేదా, చెవి వెనక్కి దోపుకునేదా? సగం మంది మీదికి అన్నారు, సగం మంది వెనక్కి అన్నారు. మైకుకు చెవి ఏదని ఒకామె నన్నడిగింది. నేను చూపించాను. ఇరవై ఏళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. చివరికి చెవి మీదికే అని తేల్చి, కొంగు జారకుండా ఒకామె తన పిన్నీసు తీసి పెట్టింది.

ఇంకో చిక్కు నేనే తెచ్చిపెట్టుకున్నాను. ఖాళీ చర్చి మోగినట్టు నిండు చర్చి మోగదు, మనుషుల ఒళ్లు, బట్టలు మోతను తాగేస్తాయి, ఆమె విన్నది నిండు చర్చిలో కదా అని నోరు జారాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఆడవాళ్ల పక్క ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. మగవాళ్లంతా క్వారీ పనుల్లో ఉన్నారు. సెక్రటరీ ఏర్పాట్లు చేశాడు. అరగంటలో పక్క మండీ నుంచి శనక్కాయల మూటలు ముప్పై దాకా వచ్చి, మగవాళ్ల పక్క బెంచీల మీద వరసగా కూర్చున్నాయి.

"ఏం తేడా లేదు" అంది స్టాండు ఎత్తు చెప్పిన ఆవిడ. "ఇవి గురక పెట్టవు, అంతే."

ఇక మిగిలింది పాలిష్ రొద. అది ఆగాలంటే కరెంటు పోవాలి. రోజూ పోయే కరెంటు ఆరోజు పోలేదు. సెక్రటరీ లైన్‌మన్‌కు ఫోన్ చేసి కొంచెంసేపు తీసేయమని అడిగాడు. "కరెంటు ఇయ్యమని తిట్టేవోల్లను చూసినా గానీ తీసేయమని బతిమిలాడేవోల్లను ఇప్పుడే చూస్తాండా. నా ఉద్యోగం తీస్తారు, పెట్టెయ్ సార్" అని ఆయన పెట్టేశాడు. మేం, మూటలు, అందరం కూర్చుని కరెంటు పోవాలని ఎదురుచూశాం. ఒకామె ప్రార్థన కూడా చేసింది. ఒంటిగంటన్నరకు దానంతటది పోయింది. ఊరంతా ఒక్కసారిగా చెవుల్లోంచి దూది తీసినట్టయింది.

నేను చివరి బెంచీ వెనక నేల మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెయ్యి ఊపాను. భాయ్ కర్ర ఆడించాడు. పెద్దాయన వాయించాడు.

బాగుంది. కుండలోంచి కుండలోకి నీళ్లు వంచుతున్నట్టు గుండ్రంగా, నిదానంగా వస్తోంది. మొదటి చరణం అయింది. అక్కడ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా నా చెవిలో, ఎవరో అన్నారు:

"మోకాలు పీకతాండాది. భాయ్ బాగా కొడతాండాడు."

ఉలిక్కిపడి వెనక్కి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. రెండో చరణం మొదలైంది, అయిపోయింది.

"ఈ కడపాయనకు కోపం శానా. అయినా మంచోడే మాదిరుండాడు. ఉగ్గాని ఉంటే ఎంత బాగుండు ఇప్పుడు, మిరక్కాయ బజ్జీతోన."

పెద్దాయన గొంతు. అరవై అడుగుల దూరంలో, నాకు వీపు చూపించి కూర్చున్న మనిషి గొణుక్కుంటుంటే, భుజం మీద తలపెట్టి చెప్పినట్టు వినబడుతోంది. హెడ్‌ఫోన్స్ తీసేశాను. మైకు పక్కన తలపెట్టి నా చెవితోనే విన్నాను. అదే మాట, అంతే దగ్గరగా. తలను ఒక మనిషి వెడల్పు పక్కకు జరిపాను. ఏమీ లేదు. మళ్లీ జరిపాను, ఉంది. అప్పుడు ఆర్గన్ వెనక గోడ చూశాను. సగం కుండను నిలబెట్టినట్టు గుండ్రంగా ఉంది. పైకప్పు విల్లులా వంగి ఉంది. ఆ గుండ్రటి గోడ ముందు కూర్చుని ఏమన్నా, గోడ దాన్ని పోగుచేసుకుని, కప్పు మీదుగా నడిపించి, చివరి బెంచీ కొసన ఒక్క మనిషి ఒళ్లో పోస్తోంది. నలభై ఏళ్లు అక్కడ కూర్చున్నది ఒకే ఒక మనిషి.

ఉగ్గాని. చింతచిగురు. డబ్బా.

చివరి చరణం ముగిసింది. గొట్టాల మోత మెల్లగా ఆరిపోయింది. ఆయన కాసేపు మెట్ల మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

"ఉగ్గాని ఎవురు చేస్తారులే ఇంగ" అంది చెవిలో గొంతు.

ఆడవాళ్లు లేచి, బాగుందని చెప్పి, ఇళ్లకు పోయారు. సెక్రటరీ మూటలు వెనక్కి పంపే ఏర్పాట్లలో పడ్డాడు. పెద్దాయన కుంటుకుంటూ నా వైపు వస్తుంటే నేను రికార్డరు చేతిలోకి తీసుకున్నాను. మామూలుగా ఎదుటివాడి అమాయకత్వం బయటపెట్టడమంటే నాకు సరదా. ఆరోజు మాత్రం భయం వేసింది. ఈ మనిషి నలభై ఏళ్లు పదిమందిలో నిలబడి చెప్పిన మాటను నా చేతిలో రికార్డరు కొట్టేయబోతోంది. భార్య పోయింది, సోమవారం ఆర్గన్ పోతుంది, మిగిలింది ఆ సాక్ష్యమొక్కటే. కడప తీసుకుపోయి గొణుగుడంతా కోసేసి ఇస్తే సరిపోతుంది, ఎవరికీ తెలీదు.

"బ్యాటరీ అయిపోయింది పెద్దాయనా" అన్నాను. "రేపు పంపిస్తా."

"ఎర్రలైటు ఎలుగుతాండాది గదప్పా" అన్నాడు.

మైకు స్టాండును పక్కకు జరిపి, తన భార్య కూర్చునే చోట ఆయన కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి. హెడ్‌ఫోన్స్ తనే తీసుకుని పెట్టుకున్నాడు. నేను మీట నొక్కాను. మొదటి చరణం అయ్యేదాకా ఆయన ముఖంలో చిన్నపిల్లల సంతోషం. తర్వాత ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు, నేను చూసినట్టే. రెండో చరణం తర్వాత చూడలేదు. కదల్లేదు. అంతలో కరెంటు వచ్చి ఫ్యాక్టరీలు మళ్లీ మొదలుపెడితే, రెండు చేతులతో హెడ్‌ఫోన్స్‌ను చెవులకు అదుముకున్నాడు. అయిపోయాక కూడా తీయలేదు.

"ఈ గొణిగేది నేనేనా?"

"నువ్వే."

"ఎప్పుడూ గొణుగుతానా?"

"పొద్దున మైదుకూరు నుంచి గొణుగుతూనే ఉన్నావు పెద్దాయనా."

ఆయన గుండ్రటి గోడ వైపు చాలాసేపు చూశాడు. వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకున్నాడు. వంటలే అయ్యుండాలి. ఒక వేలి దగ్గర ఆగిపోయాడు. అది డబ్బా అని నాకు తెలుసు.

"అన్నీ వినిందా ఆమె?" అన్నాడు. "అన్నీ విని, నలభై యేండ్లు నన్ను సాక్ష్యం చెప్పనిచ్చె గదప్పా! ఒక్క మాట అనలే!"

ఏడ్చాడు. టవలు అడ్డం పెట్టుకోకుండా, దాచుకోకుండా ఏడ్చాడు. నాకూ ఆగలేదు. భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమైందని అడిగాడు. నేను చెప్పాను. ఆయన గోడనూ బెంచీనీ మార్చి మార్చి చూసి, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూసేవాడి లాగా తలాడించాడు.

"అంటే గాలి యాడ పోతాండాదో ఇన్నాల్లకు దొరికిందన్నమాట" అన్నాడు.

పెద్దాయన పగలబడి నవ్వాడు, దగ్గొచ్చేదాకా. నవ్వు తగ్గాక నన్నడిగాడు: "అయితే దేవుడు చెప్పలేదా ఆమెకు?"

నేను మైకు వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"చెప్పకుంటేనేమి" అన్నాడు తనే. "వినింది గదా."

సోమవారం వడ్రంగులు వచ్చి పెట్టె విప్పేశారు. దాని కోసం ఏడాదిగా కమిటీతో పోట్లాడిన మనిషి, ఆరోజు వాళ్లకు మజ్జిగ ఇచ్చాడట. కానీ సెక్రటరీ ఏర్పాట్లలో గుండ్రటి గోడకు అట్టల అడ్డు, పైన ఫాల్స్ సీలింగ్ కూడా ఉన్నాయి. వాటి మాట ఎత్తగానే పెద్దాయన వెళ్లి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. "పెట్టెను తీస్కపోండి, ఈ గోడనూ ఆ కప్పునూ ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. మూడు రోజులు చూసి కమిటీ సీలింగ్ మానుకుంది. కీబోర్డు మాత్రం పాత పెట్టె చోటనే పెట్టారు. ఆయన చివరి బెంచీ కొసకు మారాడు. అది ఆడవాళ్ల పక్కని ఎవరో గుర్తుచేస్తే, "ఆడోల్ల పక్క కూచోని చెడిపోయే వయసు దాటిపాయలే" అన్నాడట.

నాలుగు నెలల తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో ఏదో దొంగతనం ఉంది.

"కీబోర్డు వాయించేది రాజంపేట పిల్లప్పా. ఈ ఊరికి కొత్తగా కోడలొచ్చింది. పోయిన నెల్లో ప్రార్థనలో అందరూ కండ్లు మూసుకోనుంటే, అమ్మను చూసి మూన్నెల్లాయ, అడిగితే అత్త ఏమంటాదో, అని గొణుక్కునింది. నేను వాళ్లింటికి పోయి, కోడల్ని వారం రోజులు పుట్టింటికి పంపియ్యమ్మా అని చెప్పొస్తి."

"మంచి పని చేశావు."

"ఏం మంచి పనప్పా! ఆ పిల్ల తిరిగొచ్చి నిన్న చర్చిలో లేచి సాక్ష్యం చెప్పె. నా మనసులో మాట దేవుడే పెద్దాయనకు చెప్పినాడు అని. జనమంతా నా తట్టు తిరిగి చూస్తాండారు."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం జేస్తా. టవలు నెత్తిన కప్పుకొని, కొస మూతికి అడ్డం పెట్టుకోని తల వంచుకుంటి."

వెనక పాలిష్ ఫ్యాక్టరీల రొద మొదలైతే, ఆయన గొంతు ఫోనుకు ఇంకా దగ్గరైంది.

"ఆమె ఏడుస్తాండెనేమో అనుకుంటినప్పా ఇన్నాల్లు" అన్నాడు. "కాదు. నవ్వు ఆగదు."